ఫిగతెల్లి: పచ్చిగానా, బాగా వండా?

ఫ్రాన్స్‌లోని కోర్సికా దీవిలో పంది కాలేయంతో చేసి పొగబెట్టే సాసేజ్ ఇది. ఆరాక పచ్చిగా కోసుకుని తింటారు, నిప్పుల మీద కాల్చీ తింటారు.

ఖర్చు: ఒకటే.

శ్రమ: పచ్చిదైతే చాకు చాలు. కాల్చాలంటే ఓపిక కావాలి. పైన నల్లబడి కొవ్వు చిటపటలాడుతున్నా లోపల ఇంకా ఎర్రగానే ఉండొచ్చు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పందుల్లోని హెపటైటిస్-ఇ వైరస్ ముఖ్యంగా కాలేయంలో పెరుగుతుంది. పొగను, ఉప్పును నమ్ముకోలేం. 71 డిగ్రీల వేడి లోపలిదాకా 20 నిమిషాలు తగలాలి. (మన ఊళ్లలో హెపటైటిస్-ఇ ఎక్కువగా కలుషిత నీటితో వస్తుంది, ఆ రకం వేరు.)

అవయవ మార్పిడి అయినవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు పచ్చిది అస్సలు వద్దు. మిగతావాళ్లు కూడా పప్పులో వేసి బాగా ఉడికించుకుంటే టెన్షన్ ఉండదు.