బ్యాట్–క్యాట్–మ్యాట్ వరసా, బ్యాట్–బ్యాగ్–బ్యాడ్ వరసా: ఏది మేలు?

మూడక్షరాల ఇంగ్లీషు మాటలు చదవడం నేర్పడానికి రెండు వరసలున్నాయి. తోక ఉంచి తల మార్చడం ఒకటి: బ్యాట్, క్యాట్, మ్యాట్. తల ఉంచి తోక మార్చడం ఇంకొకటి: బ్యాట్, బ్యాగ్, బ్యాడ్. మొదటిదానికే పేరెక్కువ. 37 తోకలు చాలు, చిన్న తరగతుల మాటలు దాదాపు 500 వస్తాయని 1970లో అమెరికా పరిశోధకులు వైలీ, డ్యురెల్ లెక్కగట్టారు. కానీ గుణింతం వచ్చిన తెలుగు పిల్లలకి ముందు రెండోదే పట్టాలి.

మనకి హల్లుకి అచ్చు కలిస్తేనే నిండు అక్షరం. బి, ఏ కలిపి "బ్యా" అంటే పిల్లకి అది గుణింతమే, చివరి టి పొల్లు. అలా కాక మూడు శబ్దాలూ విడివిడిగా చెప్పిస్తే ప్రతి హల్లుకీ అకారం అంటుకుని "బయాట" తయారవుతుంది.

ఒక అట్టముక్క మీద బి, ఏ కలిపి రాయండి. చిన్న ముక్కల మీద టి, జి, డి, ఎన్ విడిగా రాయండి. పెద్దముక్క కదలకూడదు. "బ్యా..." అని సాగదీయించి, చిన్నముక్క ఆనగానే పొల్లు పలికించాలి. రోజుకి పది నిమిషాలు, ఐదారు మాటలు చాలు. "బ్యాటు" అంటే కంగారొద్దు, అది మన నోటి అలవాటు. ట్ దగ్గర నాలుక అంగిట్లోనే ఆపమనండి. తలకి బి, ఎమ్, పి లతో మొదలుపెట్టండి. సి, జి తర్వాత: సి పక్కన ఏ, ఓ, యు ఉంటే క; ఇ, ఐ ఉంటే స. జి ఇంకా పేచీకోరు, గెట్‌లో ఒకలా, జెమ్‌లో ఒకలా. ప్యాన్, పెన్ ఒకే వారంలో నేర్పితే రెండూ కలగాపులగం.

తోక వరసలో అసలు తంటా పాట. రెండోరోజుకే పిల్లలు రాగం తీస్తారు, కళ్ళు మొదటి అక్షరం దాటవు. వరస మధ్యలో మ్యాప్ దూర్చి చూడండి. "మ్యాట్" అన్నారంటే చదవట్లేదన్నమాట. పైగా తోక ఒకటే అయినా పలుకు ఒకటి కాదు: బట్, కట్, నట్ తర్వాత పుట్; కౌ, నౌ తర్వాత లో, రో. ఇక ఓ, యు, జి, హెచ్ తోకని వరసగా నేర్పనే కూడదు. టఫ్, దో, త్రూ, కాఫ్... దేనికదే.

అయితే స్పెల్లింగుకి తోకే గొప్పది. నైట్, లైట్, రైట్‌లలో ఐ, జి, హెచ్, టి ఒక్కసారి పట్టుబడితే మూడూ వచ్చినట్టే. అందుకే చదవడం కుదిరాక, ఓ మూడు వారాలకి, తోక వరస తేవాలి. అప్పుడు ఒక్కో అక్షరమే మారుస్తూ గొలుసు కట్టించండి: క్యాట్, క్యాప్, కప్, కట్.

చివరి పరీక్షకి అర్థంలేని మాటలివ్వండి: బిమ్, పోబ్. 2012 నుంచి ఇంగ్లండులో ఒకటో తరగతి పిల్లలకి పెట్టే పరీక్షలో 40 మాటల్లో 20 ఇలాంటివే. బట్టీపట్టిన పిల్ల ఇక్కడ ఆగిపోతుంది.