స్క్రైబస్‌తో తెలుగు డీటీపీ: విండోస్, లినక్స్, మ్యాక్ మీద వాడి చూశాక

తెలుగు పుస్తకాల పనికి, అంటే పేజీలు పేర్చి ప్రెస్సుకు సిద్ధం చేయడానికి, స్క్రైబస్ అనే ఉచిత డీటీపీ సాఫ్ట్‌వేర్ చూద్దామనుకునేవాళ్లు పాత 1.4 వెర్షన్ చూసి ఒక అభిప్రాయానికి రావొద్దు. అందులో యూనికోడ్‌లో 'లక్ష్మి' అని కొడితే ఒత్తులు కింద కూర్చోకుండా పొల్లులతో సహా ఒకే వరసలో నిలబడేవి. శీర్షిక కావాలంటే బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో చేసి బొమ్మగా తెచ్చి అతికించేవాళ్లం. కథ మొత్తం అలా అతికించలేం కదా! 2017లో 1.5.3 వచ్చాకే అక్షరాలు పేర్చే ఇంజిన్ మారింది. ఒమన్‌లో ఒక బృందం అరబిక్ లిపి కోసం పట్టుబట్టి చేసిన పని అది, మన ఒత్తులకూ కలిసొచ్చింది. ఆ 1.5 వరస ఏళ్ల తరబడి 'డెవలప్‌మెంట్ వెర్షన్' అనే హెచ్చరికతోనే నడిచి, చివరికి 2024 జనవరి 1న 1.6.0గా స్థిరపడింది. నేను రోజూ వాడుతున్నది 1.6 వరసే.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయడం తేలికే, చిక్కులన్నీ ఆ తర్వాత మొదలవుతాయి. మొదటిసారి తెరవగానే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సహాయక ప్రోగ్రామ్ లేదని, ఈపీఎస్ (ప్రెస్సు పనుల్లో వాడే ఒక ఫైల్ రకం) బొమ్మలు, ప్రింట్ ప్రివ్యూ పనిచేయవని ఒక పెట్టె వస్తుంది. చాలామంది ఓకే కొట్టి ముందుకు పోతారు. తర్వాత పార్టీ (పని ఇచ్చిన కస్టమర్) ఈపీఎస్‌లో లోగో పంపిన రోజు టెన్షన్. ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను విడిగా దించుకుని ఎక్కించాలి. అప్పటికీ స్క్రైబస్ దాన్ని కనిపెట్టకపోతే ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌టర్నల్ టూల్స్ దగ్గర దాని దారి మనమే చూపించాలి.

రెండోది ఫాంట్లు. ఇప్పటి విండోస్‌లో ఫాంట్ ఫైల్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే అది ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. వర్డ్‌లో కనిపిస్తుంది, స్క్రైబస్‌లో కనిపించకపోవచ్చు. రైట్ క్లిక్ చేసి యూజర్లందరికీ ఇన్‌స్టాల్ చేయమనే ఆప్షన్ ఎంచుకుంటే గొడవ ఉండదు. లేదంటే ప్రిఫరెన్సెస్‌లో ఫాంట్ల ఫోల్డర్‌ను అదనంగా జోడించొచ్చు. కాకపోతే ఏ డాక్యుమెంటూ తెరిచి ఉండకూడదు, ఉంటే ఆ చోటు మార్చనివ్వదు. పాత డీటీపీ మెషిన్లలో వందల కొద్దీ ఫాంట్లు పేరుకుపోయి ఉంటాయి కాబట్టి తెరుచుకునేటప్పుడు 'సెర్చింగ్ ఫర్ ఫాంట్స్' దగ్గర చాలాసేపు ఆగుతుంది. హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి. లోపలి నిర్మాణం చెడిన ఫాంట్లను అది జాబితాలోకే రానివ్వదు. మొదట్లో విసుగు పుట్టినా, ప్రెస్సుకు వెళ్లాక పీడీఎఫ్ తిరగబడటం కంటే అదే నయం.

లినక్స్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ గోల లేదు, డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) ప్యాకేజీతో పాటే వచ్చేస్తుంది. కానీ డిస్ట్రో వాళ్లు ఇచ్చే స్క్రైబస్ ఒక్కోసారి బాగా వెనకబడి ఉంటుంది. అందుకే నేను యాప్‌ఇమేజ్ వైపు తిరిగాను. ఒకే ఫైల్, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి డబుల్ క్లిక్ చేస్తే చాలు. ఉబుంటు 22.04 నుంచి మాత్రం యాప్‌ఇమేజ్ నడవడానికి కావలసిన ఫ్యూజ్ 2 లైబ్రరీ ముందుగా ఉండదు. అది లేకపోతే క్లిక్ చేసినా ఉలుకూ పలుకూ ఉండదు. టెర్మినల్‌లో నడిపితేనే కారణం బయటపడుతుంది. యాప్‌ఇమేజ్‌లో నాకు నచ్చిన గుణం ఏమిటంటే నాలుగు వెర్షన్లు పక్కపక్కన పెట్టుకున్నా ఒకదాని జోలికి ఇంకొకటి రాదు.

మ్యాక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యాప్‌ను అప్లికేషన్స్‌లోకి లాగితే అయిపోయినట్టే. మొదటిసారి తెరవనివ్వకపోతే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి 'ఓపెన్ ఎనీవే' నొక్కాలి. ఆ సిస్టమ్‌తో వచ్చే తెలుగు ఫాంట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ పుస్తకానికి వాటిని ముట్టుకోవద్దు. అదే ఫైల్ విండోస్‌లో తెరిస్తే అవి ఉండవు, బదులు ఏ ఫాంట్ వేయమంటావని అడుగుతుంది. తొందరలో ఓకే అంటే పేజీలన్నీ కదిలిపోతాయి. మండలి, సూరన్న, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లను ఒకే డౌన్‌లోడ్ నుంచి తీసి మూడు సిస్టమ్‌లలోనూ వేసుకోండి. ఒకే పేరుతో వేర్వేరు వెర్షన్ల ఫాంట్లు తిరుగుతుంటాయి, వాటి మధ్య వెడల్పుల్లో వెంట్రుకవాసి తేడా చాలు, నవల చివరికొచ్చేసరికి ఒక పేజీ పెరగడానికి. ఫైల్ ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కు పంపేటప్పుడు ఉత్త ఎస్ఎల్ఏ (స్క్రైబస్ సొంత ఫార్మాట్) ఫైల్ కాకుండా 'కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్' వాడి ఫాంట్లు, బొమ్మలతో కలిపి పంపండి. ఫాంట్ల దగ్గర టిక్ పెట్టడం మనమే గుర్తుంచుకోవాలి.

అప్‌గ్రేడ్ విషయంలో నా పద్ధతి మొండిది. ఏ వెర్షన్‌లో మొదలుపెట్టిన పుస్తకం ఆ వెర్షన్‌లోనే ప్రెస్సుకు వెళ్లాలి. 1.4లో సెట్ చేసిన ఫైల్‌ను 1.6 తెరుస్తుంది, కానీ అక్షరాలు పేర్చే ఇంజిన్ వేరు కాబట్టి పంక్తులు విరిగే చోట్లు మారతాయి. పేరా చివరి పంక్తి ఒకటి తర్వాతి పేజీకి జారితే చాలు, విషయసూచికలో పేజీ నంబర్లన్నీ మళ్లీ చూసుకోవాలి. డెమ్మీ 1/8లో పది ఫారాల (నూట అరవై పేజీల) పుస్తకానికి అది ఇంకో ప్రూఫ్ దిద్దినంత పని. పైగా 1.6లో ఒకసారి సేవ్ చేశాక అది 1.4లో తెరుచుకోదు, కాబట్టి ముందే కాపీ తీసిపెట్టుకోవాలి. విండోస్‌లో ఒక్కో వరస వేరే ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అవుతుంది కనుక పాతదాన్ని తీసేయనక్కర్లేదు.

ఇక పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్, యూనికోడ్‌కు ముందునాటి అను ఫాంట్ల మీద బతుకుతున్న షాపులవాళ్లు దీనికి మారాలా? పాత పుస్తకాల పునర్ముద్రణలే ఎక్కువైతే వద్దు. అను మ్యాటర్ యూనికోడ్ కాదు, కన్వర్టర్‌లో వేసి మళ్లీ అక్షరం అక్షరం దిద్దాలి. ఆ శ్రమకు కూలి ఎవరూ ఇవ్వరు. రచయితలు ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో కొట్టి పంపే కొత్త మ్యాటర్‌కైతే మాత్రం నిస్సంకోచంగా వాడొచ్చు. ప్రెస్సుకు కావలసిన సీఎంవైకే (నాలుగు సిరాల) రంగులు, పీడీఎఫ్/ఎక్స్ (అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్ రకం) అన్నీ ఉన్నాయి. ప్రెస్సువాళ్లకు తెలుగు ఫాంట్ అంటే భయమైతే పీడీఎఫ్ చేసేటప్పుడే అక్షరాలను ఔట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి ఇవ్వొచ్చు. 1.7 డెవలప్‌మెంట్ వరసను కూడా యాప్‌ఇమేజ్‌లో పెట్టుకుని చూస్తున్నాను, పార్టీల పనులు మాత్రం అందులో తెరవను.