థాయ్ వీధి బజార్లలో మాట, మర్యాద: బ్యాంకాక్, చియాంగ్ మాయ్ అనుభవాలు

థాయిలాండ్ వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: "అక్కడ బజార్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదు, నానా తిప్పలు పడ్డాం" అని. నాకు అలా అనిపించలేదు. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. ఆవిడే మా అందరికంటే హాయిగా బజార్లు తిరిగింది. కావలసింది వేలితో చూపించడం, అమ్మేవాళ్లు కాలిక్యులేటర్ మీద నొక్కి చూపించిన ధర చూడటం, తల ఊపడం లేదా నవ్వి పక్కకి వెళ్లడం, అంతే. నిజంగా పని చెడేది రెండు చోట్ల. ఒకటి, మనం గొంతు పెంచినప్పుడు. రెండోది, తినేదాంట్లో ఏం వేశారో తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు. మొదటిదానికి భాషతో పనే లేదు, రెండోదానికి మాత్రం నాలుగు మాటలు తప్పకుండా నేర్చుకుని వెళ్లాలి.

బ్యాంకాక్‌లో మేము దిగింది యావరాత్ దగ్గర, అంటే చైనాటౌన్‌లో, వాట్ మంగ్కోన్ మెట్రో స్టేషన్ పక్క సందులో ఒక చిన్న గెస్ట్‌హౌస్. 2019లో ఆ స్టేషన్ తెరిచాక ఆ పేటకి చేరడం చాలా తేలికైంది. గది చిన్నది, రాత్రి చాలాసేపు వీధి గోల వినిపిస్తూనే ఉంటుంది, నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్లు మాత్రం సుఖుంవిత్ వైపు చూసుకోవడమే మంచిది. మాకైతే సాయంత్రం కిందికి దిగగానే బండ్లన్నీ కాళ్ల ముందే ఉండటం బాగా నచ్చింది. రిసెప్షన్‌లో ఉన్నావిడకి ఇంగ్లిష్ కొద్దిగానే వచ్చు. ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి మన వైపు తిప్పి ఓపిగ్గా ఆగుతుంది, మనం టైప్ చేసింది చదివి మళ్లీ తను టైప్ చేస్తుంది. ఆ సేవకి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, సోమవారం యావరాత్‌లో చాలా బండ్లు పెట్టరు, ఆ ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే నిరాశే మిగులుతుంది.

ఇక తిండి సంగతి, ఇది కాస్త వివరంగా రాయాలి. శాకాహారులకి అసలు టెన్షన్ ఇక్కడే. బండి మీద కూరగాయలే కనిపిస్తాయి, కానీ వాటిలో చేపల సాస్ పడుతుంది, తోటకూరలా వేయించే ఆకుకూరలో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పడుతుంది, పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు రోట్లో వేసి దంచేస్తారు. "నో మీట్" అంటే మాంసం ముక్కలు తీసేసి ఇస్తారు, వాళ్ల లెక్కలో అది సరైనదే, వాళ్లు మోసం చేస్తున్నారని అనుకోకూడదు. అందుకని "వెజిటేరియన్" అనే మాట వదిలేసి "జే" అనే మాట పట్టుకోండి. చైనా సంప్రదాయం నుంచి వచ్చిన పద్ధతి అది, మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మన ఇళ్లలో ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్లు ఉంటారే, వాళ్లకి ఇంతకంటే భరోసా ఇచ్చే మాట అక్కడ ఇంకోటి లేదు. పసుపు రంగు జెండా మీద ఎర్రటి అక్షరం కనిపిస్తే అది జే దుకాణం. అక్షరం చదవడం రాకపోయినా రంగులు చూసి గుర్తుపట్టొచ్చు. అమ్మ రెండో రోజు నుంచీ మాకంటే ముందు తనే దూరం నుంచి పసుపు జెండా పట్టేసేది. "మంగ్సవిరత్" అని ఇంకో మాట ఉంది, అది కూడా శాకాహారమే కానీ గుడ్డు, పాలు ఉండొచ్చు.

వీలైతే జే పండగ రోజుల్లో వెళ్లండి. చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు చేస్తారు, యావరాత్ అంతా పసుపు జెండాలే. చాలా ఏళ్లు అది మన దసరా నవరాత్రులతో కలిసి వస్తుంది, 2023లో, 2024లో అలాగే వచ్చింది. 2025లో మాత్రం వాళ్ల పంచాంగంలో అధికమాసం పడి అక్టోబర్ చివరికి జరిగింది, కాబట్టి టికెట్ కొనేముందు తేదీలు చూసుకోండి.

మాటలు రాసుకునేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోండి. కోడి "కై", గుడ్డు "ఖై". ఇంగ్లిష్‌లో చూసి చదివితే రెండూ కలిసిపోతాయి, మనకి క, ఖ వేరుగా ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. రాగం, అంటే గొంతు ఎత్తి దించే తీరు, కూడా ముఖ్యమే, అది అక్కడివాళ్ల నోట విని పట్టుకోవాల్సిందే. కారం "ఫెట్", ఇక్కడ ఫ ని ఫ్యాన్‌లో పలికినట్టు కాకుండా ప ని ఒత్తి పలకాలి. "మై ఫెట్" అంటే కారం వద్దు, "ఫెట్ మై?" అంటే కారంగా ఉంటుందా అని అడగడం. "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వేయొద్దు. ధర ఎంత అంటే "థావ్ రై". పంది మాంసం "మూ". ఇవి కాగితం మీద థాయ్ లిపిలో కూడా రాయించుకుని దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది, మేము హోటల్లో రాయించుకున్నాం, సందడిలో నోటితో చెప్పినదానికంటే కాగితమే బాగా పనిచేసింది. ఆ కాగితం చదివి రెండు బండ్ల దగ్గర "మా దగ్గర కుదరదు" అన్నట్టు చెయ్యి ఊపారు. అది విసుగు కాదు, అబద్ధం చెప్పి అమ్మకపోవడం, నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. తీపిలో మామిడిపండు, కొబ్బరిపాలతో కలిపిన జిగురు అన్నం నిశ్చింతగా తినొచ్చు. అరటిపండు రోటీ మాత్రం అడిగి తీసుకోండి, చాలాచోట్ల గుడ్డు కొడతారు.

ప్లేట్‌లో స్పూను, ఫోర్కు ఇస్తారు. స్పూనుతో తినాలి, ఫోర్కు అన్నాన్ని స్పూనులోకి తోయడానికి మాత్రమే. చేత్తో తింటే ఎవరూ ఏమీ అనరు, థాయిలాండ్ ఉత్తరాదిన జిగురు అన్నం వాళ్లూ చేత్తోనే తింటారు. టేబుల్ మీద నాలుగు గిన్నెలు ఉంటాయి, చక్కెర, ఎండుమిరప పొడి, మిరపకాయలు వేసిన వెనిగర్, చేపల సాస్. శాకాహారులు ఆ చివరిదాన్ని నీళ్లలాంటి పులుసు అనుకుని పోసుకోవద్దు.

పిలుపుల విషయంలో వాళ్లూ మనలాగే వరసలు కలుపుతారు. కొంచెం పెద్దవాళ్లని "ఫీ" అంటారు, అంటే అక్కా అయినా అన్నా అయినా. చిన్నవాళ్లు "నోంగ్". పెద్దమ్మ వయసున్నావిడ "పా". ఇక్కడ జాగ్రత్త, మన దగ్గర ముప్ఫై ఐదేళ్ల ఆవిడని ఆంటీ అంటే ముఖం ఎలా పెడుతుందో అక్కడా అంతే, అనుమానం ఉంటే "ఫీ" అనేయండి. మాట చివర మగవాళ్లు "ఖ్రప్" అనీ, ఆడవాళ్లు "ఖా" అనీ చేర్చాలి. ఎదుటివాళ్లు ఎవరన్నది కాదు, మాట్లాడేది ఎవరన్నదే లెక్క. ఈ ఒక్క ముక్క చేరిస్తే మిగతా మాట తప్పుగా పలికినా ఎవరూ పట్టించుకోరు. నమస్కారానికి మనం చేతులు జోడించడం వాళ్ల "వై"కి దగ్గరే, కానీ ప్రతి బండి దగ్గరా మనం ముందు పెట్టాల్సిన పనిలేదు, వాళ్లు పెడితే తిరిగి పెట్టండి, లేదంటే చిన్న చిరునవ్వు, తల వంచడం చాలు.

బేరం గురించి గట్టిగా చెప్పాలని ఉంది. సుల్తాన్ బజార్లో మనం సగానికి అడిగి, వద్దని రెండడుగులు వేసి, వెనక్కి పిలిపించుకుని కొంటాం, అది ఇద్దరికీ తెలిసిన ఆటే. అక్కడ ఆ ఆట పనిచేయదు. గొంతు పెరిగితే, వస్తువు చేతిలోంచి విసురుగా కింద పెడితే, అమ్మేమనిషి నవ్వు ఆపేసి ఇక మాట్లాడదు, ధర అడిగినా జవాబు రాదు. నలుగురిలో పరువు పోవడం వాళ్లకి చాలా పెద్ద విషయం. బ్యాంకాక్‌లోని చాటుచక్ బజార్లో మనదేశపు గుంపు ఒకటి చొక్కాల దుకాణంలో గట్టిగా వాదిస్తుంటే ఆ అమ్మాయి కాలిక్యులేటర్ సొరుగులో పెట్టేసి వేరేవాళ్ల వైపు తిరిగింది. మేము అక్కడే అదే చొక్కా మూడు తీసుకుంటామని వేళ్లు చూపించి "లొట్ దాయ్ మై" అని, అంటే తగ్గిస్తారా అని, మెల్లగా అడిగితే తనే తగ్గించింది. ఒకటికి బేరం చేయడం కంటే రెండు మూడు కలిపి అడగడం అక్కడి పద్ధతి. తిండి బండ్ల దగ్గర, ధర రాసి పెట్టినచోట అసలు బేరం వద్దు. ఇంకోటి, బోణీ వాళ్లకీ ఉంది. పొద్దున్నే మొదటి అమ్మకం అయితే ఆ నోటుతో సరుకు మీద తడతారు, ఆ రోజు బాగా సాగాలని. అమ్మ అది చూసి "అరే, బోణీ మనదేనా" అని మురిసిపోయింది. అలాంటి సమయంలో అంతా అడిగి కొనకుండా వెళ్లిపోవడం మర్యాద కాదని మనకి వేరే చెప్పాలా.

ఆ నోట్ల మీద రాజుగారి బొమ్మ ఉంటుంది. నోటు గాలికి ఎగిరితే కాలితో తొక్కి ఆపొద్దు, నలిపి విసరొద్దు. రాజకుటుంబాన్ని అవమానిస్తే అక్కడి శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు, ఆ కుటుంబం గురించి బజార్లో సరదాకి కూడా మాట్లాడకపోవడం మేలు. చిన్న బండ్ల దగ్గర 1000 బాత్ నోటు చూపిస్తే చిల్లర కోసం వాళ్లు పక్క బండ్లకి పరుగెత్తాలి, 20, 50, 100 నోట్లు ముందే మార్చి పెట్టుకోండి.

చాటుచక్ శని, ఆదివారాల బజారు, 27 సెక్షన్లు. కంఫేంగ్ ఫెట్ మెట్రోలో దిగితే నేరుగా లోపలికే వస్తారు. నచ్చిన దుకాణం కనిపిస్తే సెక్షన్ నంబరు, సందు నంబరు ఫోటో తీసుకోండి, "తర్వాత వద్దాం" అనుకుంటే ఆ దుకాణం మళ్లీ దొరకదు. ఎండకి పెద్దవాళ్లు నీరసపడతారు, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి రోడ్డు అవతల ఓర్ తోర్ కోర్ మార్కెట్లో కూర్చోవచ్చు. అక్కడ ధరలు ఎక్కువ, శుభ్రం కూడా ఎక్కువే, పండ్లు అద్భుతం. ఘాటు వాసనుండే దురియన్ పండు కొంటే అక్కడే తినేయండి, చాలా హోటళ్లలోకి రానివ్వరు, గుమ్మం దగ్గరే బొమ్మ గీసి కొట్టేసి ఉంటుంది.

పాక్ ఖ్లోంగ్ పూల బజారు అమ్మకి స్వర్గం. మల్లెలు, బంతిపూలు గుట్టలు, మల్లెమొగ్గలతో కట్టిన దండలు. కొనేముందు వాసన చూడాలని చెయ్యి పోతుంది, కానీ అవి బుద్ధుడికి పెట్టేవి, మన ఇంట్లో దేవుడి పూలు వాసన చూడనట్టే అక్కడా చూడకూడదు. అమ్మకి ఎవరూ చెప్పకుండానే ఇది తెలుసు. నది దగ్గర తా ఫ్రా చన్ వైపు తాయెత్తుల బజారు ఉంది, సందులు ఇరుకు, భిక్షువులు కూడా నిలబడి చూస్తుంటారు. ఆడవాళ్లు వాళ్లకి తగలకుండా కాస్త ఆగి దారివ్వాలి. బుద్ధ విగ్రహాలు దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి, అమ్మేవాళ్లు ఆ సంగతి చెప్పకపోవచ్చు.

కాలువలో పడవల మీద అమ్మే తేలే మార్కెట్ ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. దమ్నోన్ సదువాక్ బ్యాంకాక్‌కి దాదాపు 100 కిలోమీటర్లు. కారు మాట్లాడుకుంటే డ్రైవర్ బజారు దాకా తీసుకెళ్లకుండా ముందే ఒక ప్రైవేటు రేవు దగ్గర ఆపాడు, అక్కడ పడవకి అడిగిన డబ్బు చూసి మా ఆవిడ వెనక్కి తిరిగింది. అలా ఆపితే దిగకుండా, మ్యాప్‌లో బజారు చూపించి అక్కడికే పొమ్మని నెమ్మదిగా, గట్టిగా చెప్పాలి, మేము అలాగే చేశాం. చూడటానికి రంగులు బాగుంటాయి గానీ అన్నీ పర్యాటకుల ధరలే. శని, ఆదివారాల్లో ఖ్లోంగ్ లాత్ మయోమ్ అనే ఇంకో తేలే మార్కెట్‌కి వెళితే అక్కడి కుటుంబాలే వచ్చి తింటుంటాయి, నా ఓటు దానికే. ఊళ్లో తిరగడానికి మన ఓలా, ఉబర్ లాంటి గ్రాబ్ మేలు, ఎక్కడికెళ్లాలో యాప్‌లోనే ఉంటుంది, డ్రైవర్ మెసేజ్ అనువాదమై వస్తుంది. గొడవ ఏదైనా అయితే టూరిస్ట్ పోలీస్ నంబరు 1155.

అన్నిటికంటే నాకు మనసుకి నచ్చింది థాయిలాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్. పాత కోటలో, తా ఫే గేటు దగ్గర, ఒక కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది అడగాలి. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. ఆదివారం రాచదమ్నోన్ వీధి మొత్తం బజారే. నేల మీద చాపలు పరిచి సరుకు పెడతారు, వాటి మీదుగా దాటడం తప్పు, చుట్టూ తిరిగి రావాలి. వాట్ ఫన్ ఓన్ లాంటి గుళ్ల ఆవరణల్లోనే తిండి బండ్లు ఉంటాయి, అక్కడ కూర్చున్నప్పుడు కాళ్లు విగ్రహం వైపు చాపకూడదు. సాయంత్రం ఆరింటికి స్పీకర్లలో జాతీయగీతం మొదలైంది. నిండుగా కదులుతున్న వీధి ఎక్కడిదక్కడ ఆగింది. గరిట పట్టుకున్నావిడ గరిటతోనే నిలబడింది, మాకు చిల్లర లెక్కపెడుతున్న కుర్రాడు నోట్లు చేతిలో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. పాట అవగానే అక్కడినుంచే లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి రోజూ ఇంతే. ఫోన్ జేబులో పెట్టి మనమూ ఆగిపోవాలి.

మీకు ఒక్క వారాంతమే ఉంటే చియాంగ్ మాయ్‌కి పెట్టుకోండి. శనివారం వువా లాయ్ వీధి, ఆదివారం రాచదమ్నోన్, రెండూ దొరుకుతాయి. చాటుచక్ పోతుంది నిజమే, కానీ యావరాత్, పాక్ ఖ్లోంగ్ మంగళవారం నుంచి శుక్రవారం మధ్య హాయిగా చూసుకోవచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం మొదట చియాంగ్ మాయ్ దిగి, ఆ నాలుగు మాటలూ అక్కడి నిదానమైన బజార్లో నోటికి పట్టించుకుని, ఆ తర్వాత బ్యాంకాక్ రండి.