మే నెల నేపాల్‌లో చల్లదనం ఎక్కడ దొరికింది

విజయవాడలో ఎండలు ముదిరిన మే రెండో వారంలో నేపాల్ బయలుదేరాం. నేను, చెల్లెలు, 68 ఏళ్ళ అమ్మ. ముక్తినాథ్ దర్శనం అమ్మకు ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం అదే. చెల్లెలికి మంచుకొండలు చూడాలని ఉంది. నాకు పది రోజులు ఎండ తగలకుండా ఉంటే చాలు. హిమాలయాల దేశం కాబట్టి ఎక్కడ దిగినా చల్లగానే ఉంటుందని లెక్క వేసుకున్నాను. గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు దాటి లుంబినీ చేరిన మధ్యాహ్నమే ఆ లెక్క తప్పింది.

లుంబినీ హిమాలయాల దిగువన తరాయి అనే మైదానంలో ఉంది. మే నెలలో అక్కడి వేడి మన కోస్తా వేడికి ఏమాత్రం తీసిపోదు. మాయాదేవి ఆలయం దగ్గర చెప్పులు విడిచి నడుస్తుంటే అరికాళ్ళు కాలిపోయాయి. అశోక స్తంభం దగ్గర ప్రశాంతంగా పది నిమిషాలు నిలబడాలనుకున్న అమ్మ నీడ వెతుక్కుంటూ వచ్చేసింది. బుద్ధుడు పుట్టిన చోటును అలా హడావిడిగా చూసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. లుంబినీని, తరాయిలోనే ఉన్న చిత్వన్ అడవులను చలికాలానికి దాచుకోవాలి. వేసవిలో నేపాల్ వెళ్ళేవాళ్ళు ఊరి పేరు కంటే ముందు అది ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో చూసుకోవాలి.

బుట్వల్ దాటి కొండ ఎక్కాక మొదటి చల్లగాలి తాన్సేన్‌లో తగిలింది. సుమారు 1,350 మీటర్ల ఎత్తున, కొండ వాలును పట్టుకుని ఉన్న పాత ఊరు అది. యాత్రా బృందాలు ఇక్కడ టీ తాగి వెళ్ళిపోతాయి. మేం ఒక రాత్రి ఉన్నాం. గది సాదాసీదాగా ఉన్నా దుప్పటి కప్పుకుని పడుకోగలిగాం. ఉదయం వీధిలో నేపాలీ టోపీలకు వాడే ఢాకా అనే బట్ట నేస్తున్న మగ్గం దగ్గర అమ్మ అరగంట నిలబడిపోయింది. చీరాలలో మేనమామ ఇంట్లో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. నేతగత్తెకూ అమ్మకూ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పోగు తెగితే ఎలా ముడి వేస్తారో ఇద్దరూ చేతులతోనే చెప్పుకున్నారు.

పోఖరాను అందరూ శీతల విడిది అంటారు. అది 820 మీటర్ల ఎత్తులోనే ఉంది. మేలో పగలు ఉక్కగానే ఉంటుంది, గదిలో ఫ్యాను ఉండి తీరాలి. సరస్సు కనబడే గది అని మేం పై అంతస్తు తీసుకున్నాం. రాత్రి పదింటికి కూడా పైకప్పు వేడి దిగలేదు. మర్నాడు రెండు వీధులు వెనక్కి, తోట ఉన్న చిన్న బసకు మారాం. అద్దె సగం, నిద్ర హాయి. ఏప్రిల్, మే నెలల్లో అడవుల్లో రేగే మంటల పొగ లోయలో నిలిచిపోతుంది. రెండు రోజులు మచ్ఛపుచ్ఛ్రే శిఖరం జాడే లేదు. మూడో సాయంత్రం ఉరుములతో వడగళ్ళ వాన కురిసింది. తెల్లవారి అయిదింటికి చెల్లెలు కేక పెడితే బయటికి పరిగెత్తాం. చేప తోకలా చీలిన ఆ శిఖరం ఇంటి కప్పుల మీదే ఉన్నంత దగ్గరగా, తెల్లగా నిలబడి ఉంది. అందుకే పోఖరాలో కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి.

ఇక ముక్తినాథ్ దారిలో ఉన్న జోమ్‌సోమ్‌కు వెళ్ళే విమానం సంగతి. పోఖరా నుంచి ఇరవై నిమిషాల ప్రయాణమే, కానీ ఉదయం పూట మాత్రమే. ఎండ ఎక్కేకొద్దీ ముస్తాంగ్ పీఠభూమి వేడెక్కి, అన్నపూర్ణ, ధవళగిరి మధ్య ఉన్న కాళీ గండకీ లోయలోకి దిగువ గాలిని లాక్కుంటుంది. పది, పదకొండు దాటితే చిన్న విమానాలు దిగలేవు. మాకు టిక్కెట్లు కొన్న ఏజెంటు ఈ మాట చెప్పకుండా ఆఖరి విమానం ఇచ్చాడు. అది రద్దయింది. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు, లెక్కలేనన్ని ఫోన్లు పట్టాయి. మొదటి విమానమే అడగండి, చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

జీపులో బేనీ, తాతోపానీ మీదుగా తొమ్మిది గంటలు పట్టింది. ఒళ్ళు హూనమైంది. అయితే మెల్లగా ఎత్తుకు చేరడం అమ్మకు మేలే చేసింది. నేరుగా ముక్తినాథ్ కింది ఊరు రాణీపౌవా వెళ్ళకుండా, 2,670 మీటర్ల దగ్గర మార్ఫాలో ఆగాం. ఈ ప్రయాణంలో మాకు అన్నిటికంటే నచ్చిన బస ఇదే. సున్నం కొట్టిన రాతి ఇళ్ళు, రాతి పలకలు పరిచిన సందులు, ఆ పలకల కింద గలగలా పారే కాలువ, ఊరి చుట్టూ ఆపిల్ తోటలు. ఇంటావిడ వంటింట్లో పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి కోదో పిండితో చేసిన ఢిండో వడ్డించింది. అక్కడ కోదో అంటే మన రాగులే. ముద్ద నోట్లో పెట్టుకుని అమ్మ "సంకటే కదమ్మా ఇది!" అని తెలుగులోనే ఆవిడతో అనేసింది. ఆవిడ నవ్వి నెయ్యి ఇంకో గరిటె వేసింది.

పోఖరా నుంచి ఒక్క రోజులో రాణీపౌవా ఎక్కేసిన ఒక బృందంలో నలుగురు తలనొప్పితో, వాంతులతో దర్శనం చేసుకోలేకపోవడం మర్నాడు చూశాం. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది. జీపు దిగాక గుర్రాలు దొరుకుతాయి. అమ్మ వద్దంది. పది మెట్లు, ఒక ఆగుడు, నాలుగు గుటకల నీళ్ళు, ఇలా ముప్పావు గంట ఎక్కాం. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ఎద్దు ముఖాల నోళ్ళలోంచి పడుతున్నాయి. మొదటి ధార నెత్తిన పడగానే నాకు ఊపిరి ఆగినంత పనైంది. అమ్మ స్నానం చేయకుండా ఒక్కో ధార కింద అరచేయి పెట్టి తలమీద చల్లుకుంటూ మొత్తం 108 పూర్తి చేసింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ పద్ధతే పాటించండి, పొడి బట్టలు, ఉన్ని టోపీ దగ్గరే ఉంచుకోండి.

కొన్ని పనికొచ్చే మాటలు. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు వస్తాయి. అన్నపూర్ణ ప్రాంతపు అనుమతి పత్రం పోఖరాలో ఉండగానే తీసుకోండి. జూన్ రెండో వారం తర్వాత వద్దు. వానలు కొండల వెనక, మార్ఫా, ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్‌ను పెద్దగా తాకవు గానీ, అక్కడికి చేర్చే బేనీ దారి మీద కొండచరియలు విరిగి పడుతుంటాయి.

తిరుగు ప్రయాణానికి మొదటి విమానం దొరికింది. అమ్మకు ఎడమ కిటికీ సీటు. అక్కడి నీలగిరి శిఖరం మంచు మీద అప్పుడే ఎండ పడుతోంది. తొమ్మిది గంటల జీపు దారి కింద సన్నటి గీతలా కనిపిస్తుంటే, పోఖరా సరస్సు కనబడేదాకా ఆమె కిటికీ అద్దం మీద నుంచి చెయ్యి తీయలేదు. దిగాక "మార్ఫాలో ఇంకో రెండు రోజులు ఉండాల్సిందిరా" అంది.