కుక్కకు బీమానా, నెలనెలా ఆర్‌డీనా: ఏది మేలు?

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఏటా ప్రీమియం కట్టాలా, ఆ డబ్బేదో మనమే నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో దాచుకోవాలా? చాలామంది ప్రీమియం ఎంత, కవర్ ఎంత అన్న లెక్కతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మీ కుక్కకు జరిగే వైద్యం కాగితం మీద అడ్మిషన్‌గా పడుతుందా, ఓపీగా పడుతుందా?

టిక్ ఫీవర్‌నే తీసుకోండి. గోమార్లు పట్టిన కుక్కకు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే రక్తపరీక్షలు, సెలైన్లు, సుమారు నాలుగు వారాల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ తప్పవు. కానీ మన దగ్గర చాలా క్లినిక్‌లలో రాత్రిపూట ఉంచుకునే ఏర్పాటే లేదు. పొద్దున సెలైన్ ఎక్కించి మధ్యాహ్నానికి ఇంటికి పంపేస్తారు, మర్నాడు మళ్లీ రమ్మంటారు. పార్వో (వాంతులు, విరేచనాలు పట్టుకునే వైరస్ జబ్బు) సోకిన పిల్లకూ తరచూ ఇదే వరస. అయిదు రోజులు సెలైన్ ఎక్కినా బిల్లుల్లో అవి అయిదు ఓపీ విజిట్లే. మామూలు ప్లాన్ సర్జరీకీ, ఆస్పత్రిలో చేరికకీ మాత్రమే ఇస్తుంది. ఓపీ కవర్ విడిగా కొనాలి, దాని పరిమితి చిన్నది. క్లెయిమ్ తిరిగొచ్చిందని కోపగించుకునేవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాలసీ పత్రంలో 'హాస్పిటలైజేషన్' నిర్వచనం కొనకముందే చదవండి. కనీసం ఇన్ని గంటలు ఉండాలని రాసుంటే, మీ డాక్టరు దగ్గర అంతసేపు ఉంచుతారో లేదో అడగండి. ఉంచితే, చేర్చిన సమయం, పంపిన సమయం వేసిన డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా తీసుకోండి.

అలా కాకుండా, వేసవిలో మామిడి టెంక మింగి పేగుకు అడ్డం పడిందనుకోండి, ఆపరేషన్ చేయక తప్పదు. గర్భసంచి తీయించని ఆడకుక్కకు అందులో చీము పట్టినా, గ్రేట్ డేన్ లాంటి పెద్దజాతి కుక్కకు కడుపు మెలిపడినా అంతే. బీమా నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి వాటికే.

అప్పుడైనా మొత్తం రాదు. బిల్లు 45,000 అనుకుందాం. తిండి, రిజిస్ట్రేషన్, చిల్లర సామగ్రి కింద 5,000 కొట్టేస్తే మిగిలేది 40,000. కో-పే, అంటే మనం భరించాల్సిన వాటా, 20 శాతమైతే చేతికొచ్చేది 32,000. అదీ తర్వాతే. జంతువుల పాలసీల్లో క్యాష్‌లెస్ అరుదు కాబట్టి ముందు కట్టాల్సింది మీరే. అందుకే పాలసీ ఉన్నా చేతిలో కొంత డబ్బు ఉండక తప్పదు. ఆర్‌డీ వైపు నేను మొగ్గడానికి అసలు కారణం ఇదే.

నెలకు 1,500 చొప్పున వేస్తే మూడేళ్లకు అసలే 54,000. టీకాలు, పళ్ల క్లీనింగ్, చర్మం అలర్జీలు, వయసు మీదపడ్డాక వచ్చే కీళ్లనొప్పులు అన్నిటికీ ఇదే పనికొస్తుంది. వీధికుక్కను తెచ్చి పెంచుకున్నా జాతి ఏమిటని ఎవరూ అడగరు. లోపమల్లా ఒక్కటే. నాలుగో నెలలో ఆపరేషన్ పడితే అందులో ఉండేది 6,000.

కాబట్టి పెద్దజాతి పిల్లయితే ఆర్‌డీ ఈరోజే మొదలుపెట్టి, అది నిండేదాకా, అంటే మొదటి రెండు మూడేళ్లు, సర్జరీ కవర్ ఉన్న పాలసీ పక్కన ఉంచండి. ఆరేడేళ్లు దాటిన కుక్కకు కొత్తగా పాలసీ వెతకడం నా లెక్కలో దండగ. అప్పటికి వయసు పరిమితి దగ్గరపడుతుంది, ఉన్న జబ్బులన్నీ పాలసీకి ముందున్న పాతవాటి కిందికి పోతాయి, వాటికి కంపెనీ ఇవ్వదు.

పాతజబ్బు మాటకొస్తే, కేస్ షీట్‌లో మొదటి వాక్యం జాగ్రత్త. 'ఎప్పటినుంచో కుంటుతోంది' అని మీరు గాలివాటుగా అన్నది డాక్టరు అలాగే రాస్తే, అది పాలసీకి ముందునుంచీ ఉన్నట్టే లెక్క. అబద్ధం చెప్పమని కాదు, గుర్తున్న తేదీ చెప్పండి. టీకా పుస్తకంలో బ్యాచ్ స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బూస్టర్ గడువు దాటాక పార్వో వస్తే ఆ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవచ్చు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉంటే దాని 15 అంకెల నంబరు ప్రతి బిల్లుమీదా వేయించండి. బిల్లు ఏ కుక్కదన్న ప్రశ్నకు అదే జవాబు.

ప్రభుత్వరంగ కంపెనీల కుక్క పాలసీలు ప్రధానంగా చావుకు పరిహారం ఇచ్చేవి, బ్రీడర్లకు పనికొస్తాయి. క్లినిక్‌ల వార్షిక ప్యాకేజీలు టీకాల మీద తగ్గింపే, బీమా కాదు. హైదరాబాద్ నారాయణగూడ పశువైద్యశాల గానీ, రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు గానీ దగ్గరుంటే ఆర్‌డీ కాస్త తక్కువైనా గడుస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే, ఏ షరతు కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయొచ్చు. జవాబు నచ్చకపోయినా, నెల దాటినా రాకపోయినా ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.