కంప్యూటర్ గదిలో క్రమశిక్షణ: ఎవరి పద్ధతి వారిదా, బడి అంతటికీ ఒకే నియమమా?

కంప్యూటర్ పీరియడ్‌లో పాఠం వదిలేసి ఆట ఆడుతున్న పిల్లవాణ్ణి ఒక మాస్టారు చూసీ చూడనట్టు వదిలేస్తారు, మరొకరు గది బయట నిలబెడతారు. నల్లగొండలోనైనా నారాయణపేటలోనైనా ఇలాంటి బడిలో పిల్లలు నేర్చుకునేది నియమం కాదు, ఏ మాస్టారి దగ్గర ఎంత సాగుతుందన్న లెక్క.

ఉపాధ్యాయుడి విచక్షణకు ఒక బలం ఉంది: పిల్లవాడి ఇంటి సంగతి ఆయనకు తెలుసు. కానీ అదే తప్పుకు ఒకరికి మందలింపు, మరొకరికి అవమానం దక్కితే శిక్ష పొందినవాడికి అన్యాయమే గుర్తుంటుంది. పైగా 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. కోపంలో తీసుకునే నిర్ణయం ఆ గీత తేలికగా దాటుతుంది.

అందుకే నా ఓటు రాతపూర్వక నియమానికే. మొదటిసారి హెచ్చరించి రిజిస్టరులో రాయాలి, రెండోసారి ముందు వరుసలో కూర్చోబెట్టాలి, మూడోసారి ఇంటికి కబురు పంపాలి. ఇతరుల పాస్‌వర్డ్ వాడటం మాత్రం ఆటతో సమానం కాదు. అది నేరుగా ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్లాలి.

అయితే పాలమూరులో చాలామంది తల్లిదండ్రులు వలస కూలీలు, పిల్లలు అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంటారు. ఆ తల్లిదండ్రులను కూలి మానుకుని బడికి రమ్మనడం ఇంటిల్లిపాదికీ శిక్షే. సాయంత్రం ఒక ఫోను చాలు.

ఒకే యంత్రం ముందు ముగ్గురు కూర్చునేచోట ముందు ఎవరి లాగిన్ వారికివ్వాలి. లేకపోతే తప్పు ఎవరిదో తేలదు.