స్ట్రే క్యాట్ రాక్ సెట్: ఉన్నవి ఐదు, అరిగేవి మూడు

‘స్ట్రే క్యాట్ రాక్’ అనే ఐదు జపనీస్ అమ్మాయిల గ్యాంగు సినిమాల బ్లూరే సెట్ ఇది, కొని ఏళ్లయింది. అడపాదడపా ఏదో ఒక డిస్కు ప్లేయర్‌లోకి వెళ్తూనే ఉంటుంది, కానీ ఎప్పుడూ ఆ మూడే. మూడూ యసుహారు హసెబె తీసినవి. తోషియా ఫుజితా తీసిన రెండూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

జపాన్‌లో నిక్కత్సు స్టూడియో 1970 మే నుంచి 1971 జనవరి లోపు ఈ ఐదింటినీ చుట్టేసింది. సీక్వెల్స్ అనుకోకండి. నటులు వాళ్లే, పాత్రలూ కథలూ వేరు. బైకు గ్యాంగుల సినిమాలని కొంటే మాత్రం కాస్త నిరాశ తప్పదు, కొన్నింటిలో జీపులదే హడావిడి. బైకు మోజు తీరాలంటే మొదటిది చూడాలి. గాయని అకికో వాదా బైకు మీద టోక్యోలోని షింజుకులో దిగుతుంది. అసలు ఆవిడ కోసమే తీసిన సినిమా అది. పక్కన ఉన్న నటి మెయికో కాజి నెమ్మదిగా సిరీస్ మొత్తాన్ని లాగేసుకుంది.

నా ఓటు మూడోదానికి, ‘సెక్స్ హంటర్’. పేరు చూసి మొహం చిట్లించకండి. అమెరికన్ సైనిక స్థావరం ఉన్న ఊరు. జపనీస్ తల్లులకు విదేశీయుల వల్ల పుట్టిన కుర్రాళ్లను ఊళ్లో లేకుండా తరిమేయాలని బేరన్ ముఠా జీపుల్లో తిరుగుతుంటుంది. తత్సుయా ఫుజి చేసిన ఆ బేరన్ మగతనం లేని మనిషి. కాజికి డైలాగులు తక్కువ. వెడల్పు అంచున్న నల్లటోపీ కింద నుంచి ఒక్క చూపు చూస్తుంది, చాలు. తన గ్యాంగు అమ్మాయిల్ని విదేశీయుల పార్టీకి అమ్మేశారని తెలిసి పెట్రోల్ బాంబులతో వచ్చే సీన్ ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. అదే 1970లో మనకు విజయలలిత ‘రౌడీ రాణి’ వచ్చింది, గాలి అటూ ఇటూ ఒకటే వీచినట్టుంది. ఆడవాళ్ల మీద హింస మాత్రం ఇందులో ఎక్కువే. ఇంట్లో పిల్లలుండగా పెట్టొద్దు.

నాలుగోది ‘మెషిన్ యానిమల్’ సరదా. వియత్నాం యుద్ధం నుంచి పారిపోయిన సైనికుణ్ణి స్వీడన్ పంపడానికి ఎల్‌ఎస్‌డీ మత్తు మాత్రలు అమ్మాలి, అదీ కథ. చిన్న హోండా బండ్లెక్కి అమ్మాయిలు సందుల్లో దూరిపోయే చేజ్ ఒక్కటే డబ్బులు గిట్టుబాటు చేస్తుంది. మధ్యలో స్క్రీన్ ముక్కలు చేసి చూపించే పిచ్చి కొంచెం టూ మచ్.

రెండోది ‘వైల్డ్ జంబో’ సగం దాకా కుర్రాళ్ల బీచ్ అల్లరే. చివరిదైన ‘బీట్ 71’లో కాజిని ఎక్కువసేపు బంధించి పెట్టి, హిప్పీల గోల చూపించారు. అదేం తెలివో! ఇదే ఫుజితా 1973లో ఆమెతో ‘లేడీ స్నోబ్లడ్’ తీశాడు, అది వేరే లెక్క.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ బాగానే అందుతాయి. ఒక్కో సినిమా గంటన్నర లోపే. మూడోదాంతో మొదలుపెట్టి, తర్వాత ఒకటి, నాలుగు చూడండి. మిగతా రెండూ సెట్‌లో వస్తాయి కాబట్టి ఉంటాయి, అంతే.